పిల్లల వార్డు గడప దాటే ముందు

విజయనగరానికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. 2023 సెప్టెంబరులో 150 సీట్లతో తరగతులు ప్రారంభమయ్యాయి. పొరుగున విశాఖపట్నంలో ఆంధ్ర వైద్య కళాశాలకు నూరేళ్ళు నిండిన సంవత్సరం కూడా అదే. పెద్ద జబ్బు చేస్తే బండి కట్టుకుని విశాఖలోని పెద్దాసుపత్రికి పోవడం తాతల నాటి నుంచీ అలవాటైన జిల్లా ప్రజలకు ఇది సంతోషం కలిగించే పరిణామం అనడంలో సందేహం లేదు.

కళాశాల గురించి ఇప్పుడు నలుగురు చేరిన చోటల్లా చర్చ జరుగుతోంది. భవనాలు, పడకలు, అధ్యాపకుల పోస్టులు, హాస్టళ్ళు అన్నీ మాటల్లోకి వస్తున్నాయి. అవన్నీ కావలసినవే. అయితే కాణీ ఖర్చు లేకుండా జరిపించగలిగిన ఒక పనిని గురించి మాత్రం ఎవరూ ప్రస్తావించడం లేదు. విద్యార్థులను పిల్లల వార్డుకు పంపే ముందు వారిని అందుకు సిద్ధం చేయడమే ఆ పని.

ఈ మాట ఏ ఒక్క కళాశాలనో వేలెత్తి చూపడానికి కాదు. దేశంలో పాత కళాశాలలు అనేకం ఈ విషయాన్ని చాలాకాలం పాటు విద్యార్థి అదృష్టానికే వదిలివేశాయి. మంచి గురువు దొరికిన వాడు నేర్చుకున్నాడు. దొరకని వాడు హౌస్ సర్జన్ అయ్యాక, అర్ధరాత్రి డ్యూటీలో, ఒకరి బిడ్డ మీద నేర్చుకున్నాడు. పాత కళాశాలలకు పాత అలవాట్లు వదలడం కష్టం కావచ్చు. కొత్త కళాశాలకు ఆ ఇబ్బంది లేదు. మొదటి నుంచే మంచి అలవాటు చేసుకోవచ్చు.

చిన్న సైజు పెద్దవాడు కాడు

పెద్దల వార్డులో కొన్ని వారాలు తిరిగిన విద్యార్థికి రోగిని పరీక్షించడం కొంత అలవాటై ఉంటుంది. బాధ ఏమిటని అడిగితే రోగి చెబుతాడు. ఊపిరి గట్టిగా పీల్చమంటే పీలుస్తాడు. నాలుక చాపమంటే చాపుతాడు. అదే విద్యార్థి పిల్లల వార్డులో అడుగుపెడితే, తొమ్మిది నెలల పసివాడు తెల్లకోటు చూడగానే గుక్కపట్టి ఏడుస్తాడు. చల్లని స్టెతస్కోపు రొమ్ము మీద ఆనించేసరికి ఆ ఏడుపు రెట్టింపవుతుంది. ఏడుస్తున్న బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం, గుండె చప్పుడు వినడం ఎంతటి ఘనుడికైనా సాధ్యం కాదు. పొట్ట నొక్కి చూస్తే రాయిలా ఉంటుంది. విద్యార్థి చేసేది లేక పక్క మంచం కేస్ షీట్ తిరగేస్తాడు. ఆ పూట చదువు అంతటితో సరి.

అనుభవం గల శిశువైద్యుడు ఈ పని ఎలా చేస్తాడో గమనిస్తే తేడా తెలుస్తుంది. ఆయన బిడ్డను తల్లి ఒడిలోంచి కదిలించడు. ముందు తాకడు. నాలుగడుగుల దూరంలో కూర్చుని తల్లితో మాట్లాడుతూనే బిడ్డను చూస్తాడు. బిడ్డ చురుకుగా చూస్తున్నాడా, మగతగా ఉన్నాడా, ముక్కుపుటాలు ఎగరేస్తున్నాడా, పక్కటెముకల కింద లోపలికి గుంజుకుపోతోందా అని అన్నీ ఆ దూరం నుంచే కనిపెడతాడు. చొక్కా పైకెత్తమని తల్లికే చెప్పి, బిడ్డ నెమ్మదిగా ఉండగానే నిండు నిమిషం పాటు ఊపిరి లెక్కపెడతాడు. తరువాత చేయీ, స్టెతస్కోపూ రుద్ది వెచ్చబరచుకుని రొమ్ము వింటాడు. గొంతు, చెవి చూడడం వంటి ఏడిపించే పనులన్నీ చివరకు అట్టేపెట్టుకుంటాడు. పెద్దవాళ్ళను తల నుంచి పాదం దాకా వరుసగా పరీక్షించాలని నేర్చుకున్న విద్యార్థికి ఈ వరుస తలకిందులుగా కనిపిస్తుంది. దీన్ని వార్డుకు వెళ్ళక ముందే ఎవరో ఒకరు చెప్పి, చేసి చూపించాలి.

ఇక అంకెల సంగతి. పెద్దవాడి గుండె నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటుందని బడిపిల్లలకు కూడా తెలుసు. అప్పుడే పుట్టిన బిడ్డ గుండె 120 నుంచి 160 దాకా కొట్టుకోవడం సహజం. ఇది ఎరగని విద్యార్థి మొదటి రోజున 140 లెక్కపెట్టి కంగారు పడతాడు. ఊపిరి విషయం ఇంకా ముఖ్యమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దులు సులభమైనవే. రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు 40. దగ్గు, ఆయాసం ఉన్న బిడ్డ ఊపిరి ఆ అంకెను చేరినా, దాటినా న్యుమోనియా అని అనుమానించాలి. అంటే నిమిషానికి 44 సార్లు ఊపిరి తీసే ఆరు నెలల బిడ్డ ఊపిరి హద్దులోనే ఉన్నట్టు. అదే 44 మూడేళ్ళ పిల్లవాడిలో కనిపిస్తే ప్రమాద సూచన. అంకె ఒకటే, అర్థం వేరు. వయసు అడగకుండా ఊపిరి లెక్కపెట్టి లాభం లేదు.

ఎదుగుదల లెక్కలూ అంతే. పుట్టినప్పుడు రెండున్నర కిలోలకు తగ్గితే తక్కువ బరువు బిడ్డ. సరిగా ఎదిగే బిడ్డ సుమారు అయిదు నెలలకు పుట్టిన బరువుకు రెట్టింపు, ఏడాదికి మూడింతలు అవుతుంది. పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్ల పొడవుండే బిడ్డ ఏడాదికి 75 సెంటీమీటర్లకు చేరుతుంది. ఆరు నెలలు నిండిన పిల్లవాడికి అయిదేళ్ళు వచ్చేలోగా ఎప్పుడైనా జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకు తగ్గితే తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నట్టు. ఈ చివరి సంగతి అంగన్‌వాడీ కార్యకర్తలకు కంఠస్థం. అయిదేళ్ళు చదివే వైద్య విద్యార్థికి రాకపోతే అది నవ్వుకోవలసిన విషయం కాదు.

తల్లి నోటి మాటే సగం వైద్యం

పసిబిడ్డ తన బాధ చెప్పలేడు. చెప్పవలసింది తల్లి. తల్లి కూలికి పోతే అమ్మమ్మో నాయనమ్మో చెప్పాలి. వారి మాట వైద్యుడికి అర్థం కావాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

జబ్బుపడ్డ బిడ్డలో నాలుగు సూచనలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయరాదని 1990ల నుంచి ప్రపంచమంతటా ఆరోగ్య కార్యకర్తలకు నేర్పుతున్నారు. బిడ్డ పాలు గాని నీరు గాని తాగలేకపోవడం, తీసుకున్నదంతా వాంతి చేసుకోవడం, ఫిట్స్ రావడం, మగతగా లేదా స్పృహ లేకుండా ఉండడం అన్నవి ఆ నాలుగు. విద్యార్థి వీటిని ఇంగ్లీషు పుస్తకంలో చదివి పరీక్షలో పొల్లుపోకుండా రాస్తాడు. అయితే గజపతినగరం అవతలి పల్లె నుంచి వచ్చిన తల్లి ఇంగ్లీషులో చెప్పదు. "గుంటడు నిన్నట్నించి పాలు ముట్టడం నేదు బాబూ" అంటుంది. "ఏటి పోసినా కక్కేస్తన్నాడు" అంటుంది. "రాత్రి కళ్ళు తేలేసినాడు" అంటుంది. "లేపినా లేవకుండా సోలిపోతన్నాడు" అంటుంది. ఆ నాలుగు మాటలే పుస్తకంలోని నాలుగు ప్రమాద సూచనలు. పుస్తకాన్నీ ఈ మాటలనూ కలిపి చూడగలిగిన విద్యార్థి వెంటనే కదులుతాడు. చూడలేని వాడు "జ్వరం ఎన్ని రోజుల నుంచి?" అని తర్వాతి ప్రశ్నకు పోతాడు.

"డొక్కలెగరేస్తన్నాడు" అని తల్లి అన్నప్పుడు న్యుమోనియా సంగతి సగం ఆమే చెప్పేసినట్టు. "మాడు లోపలికి పోనాది" అని ముసలమ్మ అన్నదంటే, విరేచనాలతో బిడ్డ ఒంట్లో నీరు ఇంకిపోయిందని ఆమె తన పద్ధతిలో కనిపెట్టినట్టే. మాడు మీద చేయి పెట్టి నూనె అంటిన తరాల అనుభవం ఆమెది. పసిబిడ్డల మాడు సుమారు ఏడాదిన్నర దాకా మెత్తగా ఉంటుందనీ, ఒంట్లో నీరు తగ్గితే గుంటపడుతుందనీ పుస్తకం చెబుతుంది. ముసలమ్మా అదే చెబుతోంది. ఆ సంగతి గ్రహించే చెవి మాత్రం విద్యార్థికి ఉండాలి.

పైగా ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాలో భర్తీ అవుతాయి. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే విద్యార్థులకు తెలుగే కొత్త. మన రాష్ట్రపు విద్యార్థుల్లోనూ చాలామంది చిన్ననాటి నుంచి ఇంగ్లీషు మీడియంలో, పట్నాల రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివి వచ్చిన వారే. వారికి పల్లె తల్లి తెలుగు సగం పరాయి భాష. ఇక సాలూరు, పార్వతీపురం కొండల నుంచి దిగి వచ్చే తల్లుల ఇళ్ళలో సవర, కువి వంటి భాషలు మాట్లాడుతారు. పార్వతీపురం మన్యం 2022లో వేరే జిల్లా అయినంత మాత్రాన జబ్బుపడ్డ బిడ్డ ఆ సరిహద్దు దగ్గర ఆగిపోదు.

కళాశాలలో చేరిన కొత్తలో విద్యార్థులకు పునాది కోర్సు ఉండాలనీ, అందులో స్థానిక భాష కూడా నేర్పాలనీ 2019 నాటి కొత్త పాఠ్యప్రణాళికలో ఉంది. మంచి ఆలోచనే. అయితే కళాశాలలో చేరిన మొదటి నెలలో, రోగి ముఖం చూడక ముందు నేర్చిన నాలుగు ముక్కలు పిల్లల వార్డు నాటికి గుర్తుండవు. ఏ మాట ఎక్కడ అవసరమో అక్కడికి దగ్గరలోనే దాన్ని నేర్పాలి.

తల్లిని అడిగే తీరు కూడా నేర్వవలసిందే. బిడ్డకు వస పోశారా, ముక్కులో నూనె చుక్కలు వేశారా, ఊళ్ళో ఎవరి దగ్గరైనా ఇంజక్షన్ వేయించారా అన్న సంగతులు వైద్యానికి ఎంతో అవసరం. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియాకు దారి తీసే ప్రమాదం ఉంది. కాని "నూనె ఎందుకు వేశావు, నీకు బుద్ధి ఉందా?" అని కసురుకున్న విద్యార్థికి ఆ తల్లి మరి ఏ నిజమూ చెప్పదు. తప్పు చేశానేమోనని ఆమె అప్పటికే లోలోపల కుమిలిపోతూ ఉంటుంది. ఒక్క మెత్తని మాటతో బయటపడే సంగతి, ఒక్క కసురుతో శాశ్వతంగా మరుగున పడిపోతుంది.

లెక్క తప్పితే

పెద్దలకు మాత్ర రాయడం తేలిక. జ్వరం మాత్ర ఎవరికైనా ఇంచుమించు ఒకటే. పిల్లలకు అలా కుదరదు. ప్రతి మందూ బరువును బట్టి లెక్క వేయాలి. అందరి ఇళ్ళలోనూ ఉండే పారాసిటమాల్ సంగతే చూడవచ్చు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున, పది కిలోల బిడ్డకు ఒక మోతాదుకు 150 మిల్లీగ్రాములు కావాలి. బజారులో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములున్న సిరప్ దొరుకుతుంది. 250 ఉన్నదీ దొరుకుతుంది. పసిబిడ్డలకని ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములున్న చుక్కల మందు కూడా దొరుకుతుంది. మొదటిదైతే ఆరు మిల్లీలీటర్లు పోయాలి. రెండవదైతే మూడు. చుక్కల మందైతే ఒకటిన్నర. సిరప్ అనుకుని చుక్కల మందును ఆరు మిల్లీలీటర్లు పోస్తే బిడ్డ ఒంట్లోకి 600 మిల్లీగ్రాములు పోతుంది. కావలసిన దానికి నాలుగింతలు! ఇలా మోతాదు మించిన మందు పదే పదే పడితే కాలేయానికి ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో గొప్ప వైద్యశాస్త్రం ఏమీ లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. అయినా రాత్రి రెండు గంటలకు, చుట్టూ ఏడుపుల మధ్య, పక్కన సీనియర్ లేనప్పుడు చేయవలసి వస్తే తప్పుతుంది. పగలు, ప్రశాంతంగా, యాభై సార్లు చేసిన చేయి మాత్రం తప్పదు. బిడ్డను తూచకుండా చీటీ రాయరాదన్న నియమం కూడా అప్పుడే ఒంటబడుతుంది. ఇంట్లో చెంచాలన్నీ ఒకే కొలత కావనీ, సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయాలనీ తల్లికి చెప్పడం సైతం ఆ చదువులో భాగమే.

విరేచనాలకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. సంగతీ ఇంతే. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరాల్లో కలరా చెలరేగి, సెలైన్ సీసాలు చాలనప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతే తాగించి వేలాది ప్రాణాలు నిలబెట్టారు. అంత గొప్ప మందు ఈనాడు ప్రతి ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా దొరుకుతోంది. అయితే లీటరు నీటికి ఉద్దేశించిన ప్యాకెట్టును గ్లాసెడు నీటిలో కలిపితే ఉప్పు మోతాదు మించి బిడ్డకు కీడు చేస్తుంది. చిటికెడు చిటికెడు కలిపితే పని చేయదు. విద్యార్థి ఒక్కసారైనా తన చేత్తో లీటరు నీళ్ళు కొలిచి, కలిపి, తాగి చూస్తే, ఆ తర్వాత తల్లికి చెప్పే మాటలో స్పష్టత ఉంటుంది. ఎంతమంది వైద్యులు ఆ పని చేసి ఉంటారన్నది ఆలోచించదగ్గ ప్రశ్న.

నీళ్ళలో దిగితేనే ఈత?

ఈ సిద్ధపాటు అంతా ఎందుకు, వార్డులోకి దిగితే వాడే నేర్చుకుంటాడు, నీళ్ళలో దిగనిదే ఈత వస్తుందా అనే పెద్దలు ఉన్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. పుస్తకం చదివి ఎవరూ వైద్యులు కాలేదు. చివరకు రోగి పక్కన నిలబడి నేర్వవలసిందే. కాని ఇక్కడ నీళ్ళంటే చెరువు కాదు, జబ్బుపడ్డ పసిబిడ్డ. ఈత రాని వాడు తడబడితే ములిగేది వాడు కాదు.

మరొక సంగతి కూడా ఆలోచించాలి. ఒక బ్యాచి విద్యార్థులంతా ఒకే బిడ్డ చుట్టూ మూగి, ఒకరి తర్వాత ఒకరు రొమ్ము మీద స్టెతస్కోపు పెడితే ఆ బిడ్డ గతి ఏమిటి? రాత్రంతా నిద్ర లేక అప్పుడే కన్ను మూసిన తల్లి గతి ఏమిటి? సిద్ధపడి వచ్చిన విద్యార్థి ఒక్కసారిలో చూసేదాన్ని, సిద్ధపడని వాడు అయిదుసార్లు తాకి చూస్తాడు. ప్రభుత్వాసుపత్రికి వచ్చేది పేదవారు. కాదనలేని వారు. వారి బిడ్డలు విద్యార్థులకు పాఠాలవుతున్నారంటే ఆ ఋణం గుర్తుంచుకోవలసిన బాధ్యత కళాశాలది. "అమ్మా, బాబును ఒక్కసారి చూడవచ్చునా?" అని అడిగి, ఆమె తల ఊపిన తర్వాతే చేయి వేయడం మర్యాద. నాలుగేళ్ళు దాటిన పిల్లవాడినైతే వాడినీ అడగాలి.

వ్యవధి లేదన్నది రెండో అభ్యంతరం. వార్డులో గడిపే వారాలే కొద్ది, అందులో సిద్ధపాటుకు ఎక్కడ సమయం తీస్తామని అంటారు. కాని కొద్ది వారాలే ఉన్నాయి కనుకనే సిద్ధపాటు కావాలి. పోస్టింగులో మొదటి వారమంతా బిక్కమొహాలు వేసుకుని గోడవారగా నిలబడడంలో గడిచిపోతే పోయేదీ సమయమే.

ఆరు పూటలు చాలు

దీనికి కొత్త భవనం అక్కరలేదు. కొత్త పోస్టు అక్కరలేదు. పిల్లల వార్డు పోస్టింగు మొదలయ్యే ముందు ఆరు పూటలు కేటాయిస్తే చాలు.

మొదటి రెండు పూటలు అంగన్‌వాడీలో గడపాలి. జబ్బు బిడ్డను చూడబోయే ముందు ఆరోగ్యమైన బిడ్డను చూడాలి. సహజంగా ఊపిరి ఎలా ఉంటుందో తెలియని వాడికి ఆయాసం తెలియదు. ఏ నెలకు మెడ నిలుపుతారో, ఎప్పుడు కూర్చుంటారో, ఎప్పుడు అడుగులు వేస్తారో అక్కడి పిల్లల్ని చూసి నేర్వడం సులభం. 1975లో ప్రారంభమైన ఈ పథకంలో పిల్లల్ని తూచి, కొలిచి, పట్టికలో గుర్తులు పెట్టే కార్యకర్తలు ఉన్నారు. ఆ పని వారి దగ్గర నేర్చుకోవడం డాక్టరు కాబోయే వారికి చిన్నతనం కాదు. వైద్య విద్యార్థులు గ్రామాల్లో కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమం ఇప్పటికే పాఠ్యప్రణాళికలో ఉంది కనుక, ఆ కుటుంబాల్లోని పసిపిల్లలతోనే ఈ పని ఆరంభించవచ్చు.

మూడవ పూట తల్లుల మాటలకు. పిల్లల జబ్బుల గురించి ఈ ప్రాంతపు తల్లులు వాడే మాటలన్నీ ఒక చిన్న పట్టికగా తయారుచేయాలి. ఇందుకు ఏ పండితుడూ అక్కరలేదు. వార్డులో ఏళ్ళ తరబడి పనిచేసిన స్టాఫ్ నర్సులు, ఆయాలు, ఆశా కార్యకర్తలు ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే చాలు. సవర, కువి మాటలు తెలిసిన వారు కొండ ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల్లో ఉంటారు. వారి సాయం తీసుకోవాలి. ఒకరు తల్లిగా, ఒకరు డాక్టరుగా కూర్చుని విద్యార్థులు తమలో తాము మాట్లాడి చూసుకోవాలి.

నాలుగవ పూట లెక్కలకు. నిజమైన మందు సీసాలు బల్ల మీద పెట్టి, బరువులు చెప్పి, మోతాదులు కట్టించాలి. అన్నీ సరిగ్గా వచ్చేదాకా వార్డుకు పంపరాదు. ఇక్కడ వందకు తొంభై మార్కులు చాలవు. మిగిలిన పది తప్పులూ పది మంది బిడ్డలు.

అయిదవ పూట చేతులకు. ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవడం. తర్వాత నర్సు చూపించగా బొమ్మ మీద పసిగుడ్డును ఎత్తడం, మెడ కింద చేయి ఆనించడం, పుట్టీపుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే ఊపిరి అందించడం. కళాశాలల్లో నైపుణ్య శిక్షణ గదులు ఉండాలన్న నిబంధన ఉన్నది ఇందుకే. ఆ గదులు తనిఖీ రోజునే గాక మిగతా రోజుల్లోనూ తెరచి ఉంటే సంతోషం.

ఆరవ పూట మనసుకు. దీని గురించి ఎవరూ మాట్లాడరు. పిల్లల వార్డులో బిడ్డలు చనిపోతారు. ఇరవై ఏళ్ళ విద్యార్థి మొదటిసారి అది చూసిన రోజున ఏం చేయాలో, తల్లి ఎదుట ఎలా నిలబడాలో తెలియక, మెట్ల కింద నిలబడి కళ్ళు తుడుచుకుంటాడు. కొందరు ఆ బాధ మళ్ళీ పడకూడదని గుండె రాయి చేసుకుంటారు. తర్వాత తల్లుల మీద విసుక్కునే డాక్టర్లలో అలాంటివారూ ఉంటారు. ఒక సీనియర్ వైద్యుడు ఒక పూట కూర్చుని, తాను ఎదుర్కొన్న అలాంటి రోజుల గురించి దాపరికం లేకుండా మాట్లాడితే, ఆ పిల్లలకు అంతకు మించిన పాఠం లేదు.

ఎవరి కోసం ఇదంతా?

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి, ఆంధ్రప్రదేశ్‌లో 24కి తగ్గింది. టీకాలు, ఓ.ఆర్.ఎస్., ఆసుపత్రి కాన్పులు, ఆడపిల్లల చదువు అన్నీ కలిసి సాధించిన విజయమిది. గర్వించదగ్గదే. అయితే 2020 లెక్కల్లో దేశం మొత్తం మీద ఆ 28 మందిలో 20 మంది పుట్టిన నెల రోజుల లోపే పోయినవారు. అంత చిన్న బిడ్డలో జబ్బు కేకలు వేయదు. పాలు తాగడం తగ్గుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. అంతే. తల్లి గమనించి తీసుకువస్తే, వైద్యుడు వెంటనే గుర్తించాలి. మిగిలిన ప్రాణాలు దక్కడంలో ఆ గుర్తింపు పాత్ర చిన్నది కాదు.

2023లో ఇక్కడ చేరిన విద్యార్థులు నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ ముగించుకుని 2029 నాటికి డాక్టర్లవుతారు. వారిలో శిశువైద్య నిపుణులయ్యేది కొద్దిమందే. మిగిలిన వారిలో ఎందరో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కూర్చుంటారు. వర్షాకాలంలో, కొండవాగు పొంగిన రాత్రి, అక్కడికి ఒక తల్లి ఆయాసపడే బిడ్డను తెస్తుంది. పిల్లల డాక్టరు అందుబాటులో ఉండడు. ఆ బిడ్డకు దిక్కు ఆ ఒక్క యువ వైద్యుడే. వాడు నిండు నిమిషం ఊపిరి లెక్కపెడతాడా, తూచి మందు ఇస్తాడా, "పాలు ముట్టడం నేదు బాబూ" అన్న మాట విని ఉలిక్కిపడతాడా అన్నది ఇక్కడ, ఈ ఆరు పూటల్లో తేలుతుంది.

కళాశాల ప్రిన్సిపాలు, శిశువైద్య విభాగాధిపతి తలచుకుంటే వచ్చే పోస్టింగు నుంచే దీన్ని అమలు చేయవచ్చు. అమరావతి నుంచో ఢిల్లీ నుంచో ఉత్తర్వులు రావలసిన పని లేదు. జిల్లాలో దశాబ్దాల అనుభవం గల పిల్లల వైద్యులు ఉన్నారు. పిలిస్తే నెలకొక పూట వచ్చి చెప్పడానికి వారు వెనుదీయరని ఆశించవచ్చు. మహిళా శిశు సంక్షేమ శాఖ అధికారులు అంగన్‌వాడీల తలుపులు తెరిస్తే చాలు. నర్సుల అనుభవాన్ని పాఠంగా గౌరవించడానికి అధ్యాపకులు మనసు తెరవాలి.

కళాశాల కోసం ఈ ప్రాంత ప్రజలు చాలాకాలం ఎదురుచూశారు. అది బోర్డు మీది పేరుగా మిగలడమా, పల్లె తల్లి ధైర్యంగా బిడ్డను చేతికివ్వగల డాక్టర్లను తయారు చేయడమా అన్నది ఇటువంటి చిన్న పనులతోనే తేలుతుంది. సంబంధిత అధికారులు ఇందుకు వెంటనే పూనుకోవడం ఎంతైనా అవసరం.